మెలకువకూ లేవడానికీ నడుమ

మా ఇంగ్లీష్ సారు పోయారన్న కబురు నాకు రెండు ట్రంకాల్స్ మధ్య దొరికిన అరనిమిషంలో తెలిసింది. నేను ఖమ్మంలో టెలిఫోన్ ఆపరేటర్‌ని. వరంగల్ లైను మీద పనిచేసే అమ్మాయి గొంతు నాకు నాలుగైదేళ్ళుగా తెలుసు, మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ అమ్మాయే ఎవరికో నంబరు కలిపి, లైను వదలకుండా చెప్పింది. "అక్కా, మీ ఇంగ్లీష్ సారు పోయిండట. పొద్దున గది కిరాయికిచ్చిన ఇంటామె చాయ్ పట్టుకపోయి లేపితే లేవలేదట. మీ అమ్మ ఇక్కడికొచ్చి నీకు చెప్పుమన్నది."

"సరే" అన్నాను. బోర్డు మీద ఇంకో దీపం వెలిగింది. "నంబర్ ప్లీజ్" అన్నాను. డ్యూటీ దిగేదాకా ఆ రెండు మాటలే అంటూ కూర్చున్నాను.

లేపితే లేవలేదట. సారు ఉంటే ఈ వాక్యం ఇంగ్లీష్‌లో చెప్పమని అడిగేవారు. తప్పు చెబితే చేయి అడ్డంగా ఊపి మళ్ళీ అడిగేవారు.

డెబ్బైల నడిమిలో వరంగల్‌లోని మా కాశిబుగ్గ పిల్లలకు ఇంగ్లీష్ అంటే పదో తరగతి దగ్గర అడ్డం నిలిచే గోడ. తెలుగు, లెక్కలు, సాంఘికం అన్నీ గట్టెక్కేవి. ఇంగ్లీష్ దగ్గర పడేవాళ్ళం. పడినవాళ్ళు మగపిల్లలైతే దుకాణాల్లో చేరేవారు, ఆడపిల్లలైతే పెళ్ళికి సిద్ధమయ్యేవారు. మా నాన్న బట్టల బజారులో ఒక దుకాణంలో బట్ట కొలిచే గుమాస్తా. అమ్మ ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేది. నన్ను పదో తరగతి దాటించాలన్నది నాన్న కంటే ఎక్కువగా అమ్మ పంతం. తను అయిదో తరగతిలో ఆగిపోయిన మనిషి.

సారు పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవారు. సైకిల్‌కు బెల్లు ఉండేది కాదు. అడ్డమొచ్చిన వాళ్ళను "జర జరుగుండ్రి" అని నోటితోనే తప్పించుకుంటూ వచ్చేవారు. ఒంటరి మనిషి. హోటల్లో తినేవారు. గైడు పుస్తకం ఎవరి సంచిలో కనిపించినా ఆయన మొహం చేదు మింగినట్టయ్యేది. మా సీనియర్లు ఒక మాట చెప్పేవాళ్ళు. ఒకప్పుడు ఈయన బెత్తం లేనిదే క్లాసులోకి వచ్చేవాడు కాదట. "స్టాండప్ ఆన్ ది బెంచ్" అని అరిస్తే పక్క క్లాసు పిల్లలు కూడా నిలబడేవారట. మేము ఆ మనిషిని చూడలేదు. మేము లేచి నిలబడకముందే "కూసోండ్రి, కూసోండ్రి" అంటూ వచ్చే మనిషినే చూశాం.

ఒకరోజు బోర్డు మీద నాలుగు మాటలు రాశారు. వేక్ అప్, గెట్ అప్, స్టాండ్ అప్, రైజ్. ఒక్కో మాటకు ఒక్కొక్కరిని అర్థం అడిగారు. నలుగురమూ "లేచుట" అన్నాం. గైడులో అట్లాగే ఉంది.

"నాలుగూ లేచుటనేనా? మరి తెల్లోడు నాలుగు మాటలు ఎందుకు పెట్టుకున్నడు, పని లేకనా?" అన్నారు. "సరే, ముందు మన మాట చూద్దాం. 'లేవు' అన్న మాటను సొంత వాక్యంల వాడుండ్రి."

వెనక బెంచీ నుంచి ఒకడు "ఇంట్ల బియ్యం లేవు సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. "మంచిగ చెప్పినవ్. అదీ లేవే, ఇదీ లేవే. మనకు ఒక్క మాటతోటి అన్నీ అయిపోతయి. అందుకే తేడా పట్టది."

తర్వాత ఆయన చేసిన పని ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. టేబుల్ మీది రిజిస్టరు పక్కన పెట్టి, చెప్పులు విడిచి, ఆ టేబుల్ మీద వెల్లకిలా పడుకున్నారు. కాళ్ళు మోకాళ్ళ నుంచి కిందికి వేలాడుతున్నాయి. కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తెరిచారు.

"ఇప్పుడు నేనేం చేసిన?"

"లేచిండ్రు సార్."

"లేవలే. కండ్లు తెరిచిన, గంతే. ఐ వోక్ అప్."

అట్లాగే పడుకుని పెంకుల కప్పు వైపు చూస్తున్నారు. మేము నవ్వుతున్నాం. ఆయన కదలలేదు. నవ్వు తగ్గింది. పక్క క్లాసులో ఎక్కాలు చదువుతున్న చప్పుడు వినిపించడం మొదలైంది. అయినా కదలలేదు. ముందు బెంచీలో ఉన్న నాకు భయమేసింది. చాలాసేపటికి ఒక చేయి టేబుల్‌కు ఆనించి, లేచి కూర్చుని, కాళ్ళు నేలకు మోపారు.

"ఐ గాట్ అప్" అన్నారు. "వేకప్పుకు, గెటప్పుకు నడుమ జాగా ఉంటది బిడ్డా. కొందరికి నిమిషం. కొందరికి దినమంత."

ఇక అక్కడి నుంచి మామూలుగా సాగింది పాఠం. కుర్చీలోంచి లేస్తే స్టాండ్ అప్. సూర్యుడు, కిరోసిన్ ధర, కల్లు నురగ, ఇవన్నీ రైజ్. వాటికి పక్కబట్టలుండవు, బద్ధకముండదు. సైకిల్ మీంచి పడ్డవాడు దుమ్ము దులుపుకుని లేస్తే మళ్ళీ గెట్ అప్. అనుమానం లేస్తే అరైజ్, ఆ మాట మనుషులకు వాడితే పాత పుస్తకం మాట్లాడినట్టుంటుంది. "మీ అమ్మ నల్లా నీళ్ళకు ఎన్నింటికి లేస్తది?" అని నన్ను అడిగారు. నాలుగింటికి అన్నాను. "షి గెట్స్ అప్ ఎట్ ఫోర్" అని బోర్డు మీద రాశారు. ఆ వాక్యంలో ఉన్నది మా అమ్మ. నాకు గర్వంగా అనిపించింది.

ఆ తర్వాత నెల తిరగలేదు, మా తమ్ముడు పోయాడు. నాలుగేళ్ళవాడు. మూడు రోజుల జ్వరం. నాలుగో రోజు ఫిట్స్ వచ్చాయి. దవాఖానకు తీసుకుపోయిన రిక్షాలోనే తిరిగి తెచ్చాం.

పదకొండు రోజులు అమ్మ లేచే తిరిగింది. వచ్చినవాళ్ళకు నీళ్ళిచ్చింది, వాడి బట్టలు ఉతికి మడతపెట్టింది. ఏడవలేదు. పన్నెండో రోజు గోడవైపు తిరిగి పడుకుంది. అంతే, ఇక లేవలేదు. నిద్ర కూడా కాదు. ఎప్పుడు చూసినా కళ్ళు తెరిచే ఉండేవి. ముద్ద కలిపి నోటికిస్తే ఒకటి రెండు తినేది. మిషను మీద దుమ్ము పేరుకుంది. సగం కుట్టిన జాకెట్లు ఎవరివి వాళ్ళు వచ్చి తీసుకుపోయారు.

పక్కింటి పెద్దమ్మ "గాలి సోకింది. మేడారం తల్లులకు బంగారం మొక్కుకోండ్రి" అన్నది. నాన్న ఆ బంగారం, అంటే నిలువెత్తు బెల్లం, మొక్కాడు. ఎవరో చెబితే వేపమండలతో దిగదుడిచారు. నాన్నకు ఓపిక చాలనప్పుడు "లే, లేవే, ఇంకెన్ని దినాలు" అని గట్టిగా అరిచేవాడు. అరిచి, బయటికి పోయి అరుగు మీద తల పట్టుకుని కూర్చునేవాడు. నేను వండి, అమ్మకు తలదువ్వి, నీళ్ళు పోసి బడికి పోయేసరికి ప్రార్థన అయిపోయేది. కొన్నాళ్ళకు పోవడమే మానేశాను.

రెండు వారాలకు సారు వచ్చారు. బెల్లు లేని ఆ సైకిల్ గోడకు ఆనించి గడపలోనే నిలబడ్డారు. నన్ను తిడతారనుకున్నాను. లోపల గోడవైపు తిరిగి ఉన్న మనిషిని చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఎన్ని దినాలాయె?"

"నెలన్నర సార్."

"తింటాందా?"

"పెడితే తింటది."

"మేలుకోనే ఉంటాందా?"

"అవును సార్. కండ్లు తెరిచే ఉంటది."

నన్ను వాడ చివరిదాకా నడిపించుకుపోయారు. సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, నా మొహం చూడకుండా చెప్పారు.

"మా ఇంట్లామె గూడ గిట్లనే పండుకునేది. కడుపుల బిడ్డ పోయినంక. ఆరు నెలలు. నేనేం చేసిన్నో తెలుసా? పొద్దునే బడికి పోయేముందు మంచం కాడ నిలబడి లే అని మొత్తుకునేటోన్ని. పిల్లలను లేపినట్టు. మేలుకున్నవ్ గద, లేస్తె ఏమైతది అని. మేలుకున్నోళ్ళు లేవలేకపోతరని నాకు తెల్వదు. ఇంగ్లీష్ చెప్పెటోన్ని, గా ఒక్క తేడా తెల్వలే."

నేను నిలబడి వింటున్నాను. నాకప్పుడు పదిహేనేళ్ళు. పెద్దవాళ్ళు ఇట్లా మాట్లాడడం ఎన్నడూ వినలేదు.

"ఒకనాడు లేచింది. తలకు పోసుకున్నది. మంచి చీర కట్టుకున్నది. నేను ఎంత సంబురపడ్డననుకున్నవ్! లేచిందని అందరికీ చెప్పుకుంట బడికి పోయిన. సాయంత్రం వచ్చేసరికి ఇంట్ల లేదు. రెండు దినాలకు చెరువుల దొరికింది."

సైకిల్ ఎక్కబోయి ఆగారు.

"మీ అమ్మ లేస్తది బిడ్డా. లేచిన్నాడు సంబురపడకు. ఎటు పోతాందో చూడు. ఒక్కదాన్ని పోనియ్యకు. గంతే."

ఇది నేను నాన్నకు చెప్పలేదు. ఎట్లా చెప్పాలో తెలియలేదు.

మార్చిలో పరీక్షలు వచ్చాయి. తెలుగు, హిందీ రాశాను. మూడోది ఇంగ్లీష్. నాన్న దుకాణానికి పోయాడు. పెద్దమ్మ అమ్మను చూసుకుంటానంటే హాల్ టికెట్, ప్యాడ్ పట్టుకుని బయల్దేరాను. వాడ మలుపు దగ్గర వెనక నుంచి పెద్దమ్మ కేక వినిపించింది. "ఓ పిల్లా! మీ అమ్మ లేచిందే! గండం గడిచింది, నువ్వు నిమ్మలంగ పో!"

వెనక్కి తిరిగి చూశాను. అమ్మ గడప దిగుతోంది. తల దువ్వుకుంది. పెట్టెలో అడుగున ఉండే ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఎండకు కళ్ళు చికిలిస్తూ, నన్ను చూడకుండానే రెండో దిక్కుకు నడిచింది.

నేను ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. అటు పరీక్ష, ఇటు అమ్మ అని ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆ క్షణాన నాకు అట్లా తోచలేదు. అమ్మ వెనక నడిచాను.

అమ్మ గబగబా నడిచింది. నాలుగు నెలలు పడుకున్న మనిషికి ఆ నడక ఎక్కడి నుంచి వచ్చిందో. ఇళ్ళు అయిపోయాయి. మిరప కళ్ళాలు దాటాక ఎవరూ వాడని ఒక మోటబావి ఉంది. దాని రాతి గట్టు మీద కూర్చుంది. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. కొంగు చివర నా పిడికిట్లో పట్టుకున్నాను.

చాలాసేపటికి అడిగింది. "పరీక్ష లేదా నీకు?"

"ఉన్నది."

"పోలే?"

"నువ్వొస్తె పోత."

కింద నీళ్ళలో పిచ్చుక ఈక ఒకటి తిరుగుతోంది. నా అరచేతి చెమటకు హాల్ టికెట్ మెత్తబడింది. దూరంగా ఏదో మిల్లు సైరన్ మోగింది. అది పదింటిదో పదకొండింటిదో నాకు తెలియదు. అమ్మకు తెలుసు.

"షురూ అయ్యే ఉంటది గదనే" అన్నది.

"కానియ్."

"నీ పరీక్ష పోయిందే... నా వల్ల నీ పరీక్ష పోయిందే..." అని మొదలుపెట్టింది. తమ్ముడు పోయిన నాటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నా పరీక్ష పేరు మీద అమ్మ ఆ పొద్దంతా వాడి కోసం ఏడ్చింది. నేను కొంగు వదల్లేదు. ఎండ నెత్తికెక్కాక "పా" అన్నది. ఇద్దరం ఇంటికి వచ్చాం.

నేను హాజరు కాలేదని తెలిసి సారు ఆ సాయంత్రమే వచ్చారు. గడపలో నిలబడి నేను చెప్పిందంతా విన్నారు. మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. నెమ్మదిగా అరుగు మీద కూర్చున్నారు. నీళ్ళు అడిగి తాగారు.

"ఏమన్న తిన్నదా?"

"మూడు ముద్దలు సార్."

"మంచిది. మార్చి పోతే సప్లిమెంటరీ ఉన్నది, ఫికర్ చెయ్యకు. ఎల్లుండి లెక్కల పరీక్ష గద. నువ్వు పో. నేనిక్కడ కూసుంట."

నిజంగానే వచ్చారు. మిగిలిన ప్రతి పరీక్షకు నేను బయల్దేరే వేళకు న్యూస్ పేపర్ పట్టుకుని వచ్చి, మా గడప పక్కన అరుగు మీద కూర్చునేవారు. నేను తిరిగి వచ్చేసరికి అదే చోట, అదే పేపర్‌తో ఉండేవారు. లోపల అమ్మ, బయట ఆయన. మాటల్లేవు. వాడలో వాళ్ళు ఒకటి రెండు మాటలన్నారు, నాన్న పట్టించుకోలేదు. చివరి పరీక్ష నాడు నేను వచ్చేసరికి ఆయన పక్కన ఖాళీ చాయ్ గ్లాసు ఉంది. "మీ అమ్మ ఇచ్చింది. చక్కెర మరిచిపోయింది" అన్నారు. "చెప్పకు" అని కూడా అన్నారు.

ఆ వేసవంతా సప్లిమెంటరీకి అదే అరుగు మీద నాకు పాఠం చెప్పారు. అమ్మ లోపల మిషను దుమ్ము తుడుచుకుంటూ వినేది. ఒక తెల్లవారుజామున నన్ను తట్టి "గెటప్పే, నీళ్ళొచ్చినయ్" అన్నది. నేను నవ్వితే తనూ కొంచెం నవ్వింది. అమ్మ పూర్తిగా మునుపటి మనిషి అయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఏటా ఆ జ్వరం నెల వచ్చేసరికి కొన్ని రోజులు గోడవైపు తిరిగేది. అప్పుడు నాన్న అరవడం మానేశాడు. మంచం పక్కన కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఇంగ్లీష్ గట్టెక్కాను, ఇంటర్ చదివాను, ఉద్యోగం వచ్చి ఖమ్మం వచ్చాను.

ఇక ఇప్పుడు రాయక తప్పనిది, రాయడానికి చెయ్యి రానిది రాస్తాను.

రిటైరయ్యాక సారు వరంగల్ పక్కన మడికొండలో ఒక గది అద్దెకు తీసుకుని ఉన్నారు. పోయిన వేసవిలో అమ్మ చెబితే చూడబోయాను. మిట్టమధ్యాహ్నం. మంచం మీద పడుకుని ఉన్నారు. ఇంటామె వాకిట్లో నన్ను ఆపి "పెడితే తింటడు, లేకుంటె అడగడు. నిద్రవోడు, లేవడు. నాకైతే సమజైతలేదు బిడ్డా" అన్నది.

నాకు సమజైంది. నాకంటే బాగా అది ఎవరికి అర్థమవుతుంది?

"సార్" అన్నాను.

"మేలుకునే ఉన్న బిడ్డా" అన్నారు, కదలకుండా.

డాక్టరును పిలుచుకువచ్చాను. వయసు మీద పడిందని బలం గోళీలు రాశాడు. ఖమ్మం రమ్మన్నాను. "నీ కొలువు చూసుకో" అన్నారు. నాకు రెండు రోజులే సెలవు. ఆ రెండు రోజులూ గడపలో కూర్చున్నాను. రెండో రోజు సాయంత్రం బస్సుకు టైమైందని చెబితే చేయి కొంచెం ఎత్తి "పో, పో" అన్నట్టు ఊపారు. నేను వచ్చేశాను. మా అమ్మ కోసం ఆయన ఎన్ని రోజులు కూర్చున్నారో లెక్కపెట్టను. నేను రెండు రోజులు కూర్చున్నాను. నాకు ఉద్యోగం ఇప్పించింది ఆయన ఇంగ్లీషే, ఆయన దగ్గర ఉండనీయనిది కూడా ఆ ఉద్యోగమేనని సర్దిచెప్పుకోవచ్చు. కానీ సెలవు ఇంకా అడిగి ఉండవచ్చు. అడగలేదు.

నేను చేయలేనిది అమ్మ చేసింది. ప్రతి శుక్రవారం టిఫిన్ డబ్బా పట్టుకుని సిటీ బస్సులో మడికొండ పోయేది. ఈ సంగతి నాకు ఆయన పోయాకే తెలిసింది. "పోయి ఏం మాట్లాడేదానివి?" అని అడిగాను.

"ఏం మాట్లాడుతం? గడపల కూసునేదాన్ని. ఆయన పండుకునేది. పొద్దుగూకినంక వచ్చేదాన్ని."

"లేవమని చెప్పలేదా?"

అమ్మ నా వైపు వింతగా చూసింది. "గట్ల చెప్తె లేస్తరానే?" అన్నది.

ఆమె శుక్రవారం పోయి వచ్చింది. మంగళవారం పొద్దున సారు పోయారు. నిద్రలోనే పోయారని ఇంటామె అంటుంది. ఎన్నో నెలలుగా నిద్రపోని మనిషికి ఆ రాత్రి నిద్ర పట్టిందంటే అదొక్కటే నాకు ఊరట.

దగ్గరి చుట్టాలు ఎవరూ రాలేదు. పాత విద్యార్థులు కొందరు కలిసి మోశారు. మూడో రోజు గది ఖాళీ చేయాలంటే అమ్మా నేనూ పోయాం. నేను పుస్తకాలు సర్దుతుంటే ఏది ఎవరికి ఇవ్వాలో తోచక నేల మీదే కూర్చుండిపోయాను. అమ్మ పక్కబట్టలు తీసి ఉతకడానికి మూట కట్టింది. తర్వాత నన్ను పిలవకుండా, ఇంటామెను సాయం అడగకుండా, నులక మంచాన్ని ఒక్కతే పక్కకు ఒరిగించి, గడప దాటించి, వాకిట్లోకి లాక్కుపోయింది. గోడకు ఆనించి నిలువుగా నిలబెట్టింది. నడుమ నులక ఒక మనిషి మేర కుంగి ఉంది. అమ్మ రెండు చేతులతో దులిపింది. దుమ్ము లేచింది. సాయంత్రపు ఎండ ఆ అల్లికలోంచి దూరి, వాకిట్లో గళ్ళు గళ్ళుగా పరుచుకుంది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఆ గళ్ళ నీడలోనే కాసేపు నిలబడి ఉంది.